పారుడు రోగం పేరు కాదు

కోడిపిల్ల తెల్లగా రెట్ట వేస్తే తెల్లపారుడు, ఎర్రగా వేస్తే రక్తపారుడు, ఆకుపచ్చగా వేస్తే కొక్కెర తెగులు. పెరటి కోళ్ల దగ్గర పుట్టిన ఈ లెక్క పదివేల పిల్లలు పట్టే బ్రాయిలర్ షెడ్డులోకీ అలాగే వచ్చేసింది. రంగు చూడటం, రోగానికి పేరు పెట్టడం, ఆ పేరు చెప్పి మందుల కొట్టులో ప్యాకెట్ తెచ్చుకుని నీళ్లలో కలపడం. గుణమిస్తే మందు మంచిది, ఇవ్వకపోతే కంపెనీ మార్చాలి.

రంగు అబద్ధం చెప్పదు. కాకపోతే సగమే చెబుతుంది. రెట్ట మీద కనిపించే తెల్లటి పూత మూత్రపిండాల నుంచి వచ్చే యూరిక్ ఆమ్లం. కోడికి మూత్రం విడిగా రాదు కదా. సాల్మొనెల్లాలో తెలుపు ఎక్కువవుతుంది, గంబోరో అనే వైరస్ జబ్బులోనూ అవుతుంది. ఇక మేత ముట్టని పిల్ల ఏ జబ్బుతో ఉన్నా పేగులో మిగిలేది పైత్యరసమే కాబట్టి ఆకుపచ్చగా వేస్తుంది. దాన్ని చూసి కొక్కెర అనేయడం, మనిషి నీరసంగా ఉన్నాడని టైఫాయిడ్ అనేయడం లాంటిదే.

అసలు జబ్బే కానివి కూడా కొన్ని పారుడు ఖాతాలో పడుతుంటాయి. కోడికి చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట రెండు గుడ్డిపేగులుంటాయి. అవి అప్పుడప్పుడు విడిగా ఖాళీ అవుతాయి. ఆ రెట్ట ముదురు గోధుమ రంగులో, జిగటగా, దుర్వాసనతో ఉంటుంది. కొత్తగా ఫారం పెట్టినవాళ్లు దాన్ని చూసి కంగారుపడటం మామూలే. ఎండాకాలం సంగతి మరొకటి. మామూలు రోజుల్లో కోడి తిన్న దాణా బరువుకు ఇంచుమించు రెండింతల నీళ్లు తాగుతుంది. రోహిణి కార్తెలో అది ఎక్కడికో పోతుంది. తాగిన నీళ్లు బయటికి రావాల్సిందే. దాణాలో ఉప్పు ఎక్కువైనా, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా ఇదే తంతు. అలాంటి షెడ్డులో యాంటీబయాటిక్ కలిపితే నయమయ్యేది ఏమీ ఉండదు.

మరి దేన్ని పట్టుకుని వెతకాలి? గత నూరేళ్లకు పైగా కోడిపిల్లల పేగు జబ్బుల మీద జరిగిన పని చదువుకుంటూ వస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపించింది. రంగు కంటే వయసు నమ్మదగిన సాక్షి. పిల్ల వయసు రోజుల్లో చెప్పగలిగితే సగం అనుమానితులు అక్కడే తప్పుకుంటారు. మూడో రోజు చనిపోయిన పిల్లను చూసి కాక్సీ, అంటే రక్తపారుడు, అని మందు పోస్తే అది డబ్బు దండగ. కాక్సిడియా క్రిమి పేగులోకి వెళ్లి తన చక్రం పూర్తిచేసుకోవడానికే నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది మరి.

మొదటి అయిదు రోజుల్లో చావులకు మూలం చాలావరకు షెడ్డులో ఉండదు. హేచరీలోనో, బ్రూడర్ కిందో ఉంటుంది. గుడ్డు నుంచి బయటపడే పిల్ల తన పొట్టలో పచ్చసొన సంచి మోసుకుని వస్తుంది. నాలుగైదు రోజుల్లో అది ఇంకిపోవాలి. బొడ్డు సరిగా మూసుకోకపోతే, పొదిగే యంత్రంలో శుభ్రత లేకపోతే, ఇ.కోలి లాంటి సూక్ష్మజీవులు ఆ సంచిలోకే చేరతాయి. పొట్ట కోసి చూస్తే ఇంకిపోని సొన చెడు వాసనతో, పలచబడి కనిపిస్తుంది. బ్రూడర్ చల్లబడి పిల్లలు గుంపుగా ముడుచుకున్నా సొన ఇంకదు, మేతకూ రావు. సొన ఉంది కదా, ఒక రోజు ఆలస్యంగా మేత పెట్టినా ఏమీ కాదని పాతకాలపు నమ్మకం. తర్వాతి పరిశోధనలు దానికి ఎదురు చెప్పాయి. తొందరగా మేత తిన్న పిల్లల్లోనే సొన వేగంగా కరిగింది, పేగు పొరల మీది మొలకలూ త్వరగా పెరిగాయి. అందుకే పిల్లలు దిగిన మర్నాడు మేతసంచులు తడిమి చూసే అలవాటు మంచి ఫారాల్లో ఉంటుంది. నూటికి తొంభై అయిదు పిల్లల మేతసంచి మెత్తగా, నిండుగా ఉండాలి. ఖర్చు లేని పరీక్ష ఇది. మన దగ్గర చేసేవాళ్లు తక్కువ.

ఇక్కడే 1973లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఒక చిన్న వ్యాసం గుర్తుచేసుకోవాలి. అంతకు రెండేళ్ల ముందు అక్కడి బ్రాయిలర్ కోళ్లలో సాల్మొనెల్లా ఇన్‌ఫాంటిస్ విపరీతంగా వ్యాపించింది. ఎస్కో నుర్మి, రంతాలా అనే ఇద్దరు, ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగులోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు పట్టించి చూశారు. ఆ పిల్లల్లో సాల్మొనెల్లా నిలదొక్కుకోలేకపోయింది. ఈ ఫలితం ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. ఇందులో కొత్తేముందని మన ఊళ్లో ఏ పెద్దమ్మైనా అడగవచ్చు. గంప కింద పొదిగిన పిల్ల తల్లి వెంటే తిరుగుతుంది, తల్లి గీరిన మట్టిలోనే పొడుచుకు తింటుంది, తల్లి రెట్టా ముక్కుకు తగులుతుంది. తల్లి పేగులోని సూక్ష్మజీవులు పిల్ల పేగులో ముందే చోటు చేసుకుంటాయి. హేచరీ పిల్లకు తల్లి లేదు. ఖాళీ పేగుతో వస్తుంది. ముందు ఎవరు వస్తే వాళ్లదే ఇల్లు. ప్రోబయాటిక్ పేరుతో ఇప్పుడు అమ్ముతున్న సరుకంతటి వెనకా ఉన్నది ఈ ఆలోచనే. అయితే నుర్మి వాడింది పెద్దకోడి పేగులోని మొత్తం సూక్ష్మజీవుల సమాజాన్ని. ఒకటి రెండు రకాల లాక్టోబాసిల్లస్ నింపిన ప్యాకెట్‌కు ఆ బలం ఉంటుందని నేను నమ్మను.

తెల్లపారుడుదీ మొదటి మూడు వారాల కథే. 1899లో అమెరికాలో రెట్గర్ దీనికి కారణమైన సాల్మొనెల్లా రకం సూక్ష్మజీవిని గుర్తించాడు. తర్వాత తేలిందేమిటంటే ఇది గుడ్డులోంచే వస్తుంది, తల్లికోడి పైకి ఏ జబ్బూ లేకుండా అండాశయంలో దాచుకుని పిల్లకు అందిస్తుంది. అంటే పిల్లకు మందు వేసి రోగాన్ని అంతం చేయలేం. తల్లుల రక్తం పరీక్షించి, రోగం మోస్తున్న కోళ్లను ఏరివేయాలి. అమెరికా 1935లో మొదలుపెట్టిన జాతీయ పథకం చేసింది ఈ పనే, వాణిజ్య ఫారాల నుంచి దాదాపుగా తుడిచేసింది కూడా. మందు లేకుండా గెలిచిన యుద్ధం అది. పేగు జబ్బుల చరిత్రలో ఇంత శుభ్రమైన విజయం ఇంకోటి లేదు.

మూడో వారం దాటాక రంగంలోకి వచ్చేది కాక్సిడియోసిస్. మన రైతుల నోట ‘కాక్సీ’. ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి దీనికి మూలం. కోళ్లలో దీని జాతులు ఏడు, ప్రతి జాతికీ పేగులో తనదైన చోటు ఉంది. టెనెల్లా గుడ్డిపేగుల్లో ఉండి రక్తం కారుస్తుంది. అసెర్వులినా చిన్నపేగు మొదట్లో తెల్లటి గీతలు గీస్తుంది. మాగ్జిమా నడిమి పేగులో ఉంటుంది, దాని వల్ల పేగులో నారింజ రంగు జిగురు చేరుతుంది. నెకాట్రిక్స్ కూడా నడిమి పేగులోనే ఉంటుంది. బయటి నుంచి చూస్తే ఉప్పు, కారం కలిపి చల్లినట్టు తెల్ల చుక్కలు, ఎర్ర చుక్కలు. ఒక జాతి వల్ల వచ్చిన రక్షణ ఇంకో జాతికి పనికిరాదు. ఒకసారి వచ్చి పోయింది, ఇక రాదనుకునే రైతు మోసపోయేది ఇక్కడే.

రెట్టలో పడే కాక్సీ క్రిమి గుడ్డు అప్పటికప్పుడు రోగం అంటించలేదు. తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో లోపల నాలుగు సంచులుగా, ఒక్కో దాంట్లో రెండేసి చొప్పున ఎనిమిది క్రిములుగా తయారవుతుంది. ఊక పొడిగా ఉంటే ఈ పని సాగదు. నీళ్ల గిన్నెల చుట్టూ తడిసి ముద్దయిన ఊకే కాక్సీకి పొదిగే చోటు. వానాకాలంలో ఇది ఎందుకు విజృంభిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మామూలు క్రిమిసంహారకాలు ఆ గుడ్డు పెంకును ఏమీ చేయలేవు. షెడ్డంతా ఫినాయిల్ కొట్టి ధైర్యంగా ఉండేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

దీనికి మందు దొరికింది 1939లో. లెవిన్ అనే అమెరికన్ సల్ఫానిలమైడ్‌తో కాక్సీని అదుపు చేయవచ్చని చూపించాడు. తర్వాత 1948లో సల్ఫాక్వినాక్సలిన్, 1960లో ఆంప్రోలియం, 1970ల మొదట్లో మొనెన్‌సిన్ వచ్చాయి. వచ్చిన ప్రతి మందుకూ పరాన్నజీవి కొన్నేళ్లలోనో, కొన్ని దశాబ్దాల్లోనో లొంగడం మానేసింది. 1952లోనే అమెరికాలో బతికున్న గుడ్లతో టీకా అమ్మకానికి వచ్చింది. అయినా బ్రాయిలర్ పరిశ్రమ ఎక్కువగా ఆధారపడింది దాణాలో కలిపే మందుల మీదే. ప్రపంచవ్యాప్తంగా ఈ ఒక్క రోగం చేసే నష్టాన్ని 2016 ధరల్లో ఏడాదికి వెయ్యి కోట్ల పౌండ్ల పైచిలుకుగా 2020లో బ్రిటిష్ పరిశోధకులు లెక్కగట్టారు. అందులో పెద్ద వాటా చచ్చిన కోళ్లది కాదు. చావకుండా, పెరగకుండా దాణా తిని కూర్చున్న కోళ్లది.

నిర్ధారణలో తప్పు జరిగేదీ ఎక్కువగా ఇక్కడే. రెట్టను మైక్రోస్కోప్ కింద పెట్టి గుడ్లు కనిపించలేదు కాబట్టి కాక్సీ కాదంటారు. టెనెల్లా సోకిన పిల్ల అయిదో రోజుకే రక్తం పారి చనిపోవచ్చు, గుడ్లు బయటపడేది ఆ తర్వాత. గుడ్లు కుప్పలుగా కనిపించినా, అవి అసెర్వులినావైతే, కోడికి పెద్ద నష్టం ఉండకపోవచ్చు. అందుకే 1970లో జాన్సన్, రీడ్ అనే ఇద్దరు రెట్టను పక్కనపెట్టి పేగునే చూడమన్నారు. పేగు లోపలి గాయాలకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసే పద్ధతి వాళ్లదే. యాభై ఏళ్లు దాటినా ఇవాళ్టికీ కొలబద్ద అదే.

ఇక నెక్రోటిక్ ఎంటరైటిస్. పేగు లోపలి పొర కుళ్లి, గరుకుగా నాటు తువ్వాలులా తయారవుతుంది. దీని చరిత్ర డిటెక్టివ్ నవలలా ఉంటుంది. 1961లో ఇంగ్లండ్‌లో ప్యారిష్ దీన్ని వర్ణించాడు. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి దోషి అన్నాడు. అది వదిలే ఆల్ఫా విషమే పేగును తినేస్తోందని తర్వాత దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ రాశాయి, విద్యార్థులు బట్టీపట్టారు. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ విషాన్ని తయారుచేసే జన్యువును సూక్ష్మజీవి నుంచి తీసేసి కోళ్లకు పట్టించారు. రోగం మామూలుగానే వచ్చింది! దశాబ్దాలుగా జైల్లో పెట్టింది నిర్దోషిని. అదే బృందం రెండేళ్ల తర్వాత, 2008లో, నెట్‌బి అనే మరో విషాన్ని పట్టుకుంది. ఈసారి దాని జన్యువు తీసేస్తే రోగం రాలేదు.

కేసు ముగిసిందనుకుంటే పొరపాటు. నెట్‌బి ఉన్న సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న కోళ్లలోనూ దొరికింది. ప్రయోగశాలలో ఒట్టి సూక్ష్మజీవిని పట్టిస్తే చాలాసార్లు రోగం రాదు. ముందు కాక్సీ గుడ్లు పట్టించాలి, చేపపొడి ఎక్కువగా కలపాలి, అప్పుడు వస్తుంది. మాగ్జిమా జాతి కాక్సీ పేగును గీరితే రక్తంలోని ప్రోటీన్, జిగురు పేగులోకి కారతాయి. క్లాస్ట్రీడియంకు అది విందు భోజనం. యూరప్‌లో గోధుమ, బార్లీ దాణా పేగులో జిగటను పెంచి ఇదే పని చేస్తుంది. మనది మొక్కజొన్న, సోయా దాణా కాబట్టి ఆ బాధ కొంత తక్కువ. మొక్కజొన్న ధర పెరిగిన ఏడాది దాణాలో ఏమేం చేరతాయో మిల్లువాళ్లకే తెలియాలి. దొంగ ఎవరన్న ప్రశ్న నుంచి తలుపు ఎవరు తీశారన్న ప్రశ్నకు పరిశోధన మళ్లింది. ఈ అరవై ఏళ్లలో జరిగిన అసలు మార్పు ఇదేనని నా అభిప్రాయం.

దోషి ఇప్పటికీ దొరకని కేసూ ఒకటుంది. ఒకే బ్యాచ్‌లో ఒకే రోజు దిగిన పిల్లల్లో కొన్ని రెండో వారానికే గిడసబారిపోతాయి, తిన్న దాణా అరగకుండా రెట్టలో పడుతుంది, రెక్కల ఈకలు గాలిపంకాల్లా పక్కలకు పొడుచుకొస్తాయి. అందుకే దీనికి హెలికాప్టర్ జబ్బు అనే ముద్దుపేరు వచ్చింది. 1970ల చివర్లో నెదర్లాండ్స్‌లో దీన్ని వర్ణించారు. మొదట రియోవైరస్ అన్నారు. తర్వాత ఆస్ట్రోవైరస్, రోటావైరస్, పార్వోవైరస్ ఒక్కోటీ బోనెక్కాయి. జబ్బు పిల్ల పేగును నూరి ఆరోగ్యంగా ఉన్న పిల్లకు పట్టిస్తే జబ్బు వస్తుంది. వైరస్‌లను విడదీసి ఒక్కోటే ఇస్తే అంత స్పష్టంగా రాదు. పైగా ఇవే వైరస్‌లు బాగా పెరిగిన మందల్లోనూ కనిపిస్తున్నాయి. పీసీఆర్ పరీక్షలో ‘పాజిటివ్’ అని వచ్చినంత మాత్రాన అదే కారణమని రాసిచ్చే ల్యాబ్ రిపోర్టును అనుమానంతో చదవమనేది అందుకే.

దాణా వైపు చూడకుండా పేగు మీద దర్యాప్తు పూర్తికాదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోయాయి. వైరస్ అనుకున్నారు, పేరు తెలియక ‘టర్కీ ఎక్స్’ అన్నారు. చివరికి బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ పిండిలోని బూజు దోషిగా తేలింది. అఫ్లటాక్సిన్ అన్న మాట పుట్టింది అక్కడే. ఇది మనకు దూరపు కథ కాదు. 1982లో వేరుశనగ పండే చిత్తూరు జిల్లాలో ఇదే విషంతో కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోయాయి. అఫ్లటాక్సిన్ దెబ్బ ముందు కార్జం మీద పడుతుంది. పేగు జబ్బు అని తెచ్చిన పిల్లను కోస్తే పసుపు రంగుకు తిరిగిన కార్జం కనిపించేది అందుకే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే పరీక్షలు తయారుచేసింది. కందనకాయ లోపలి పొర నల్లబడి పుండ్లు పడితే చేపపొడిని అనుమానించాలి. అతిగా వేడిచేసిన చేపపొడిలో గిజెరోసిన్ అనే పదార్థం తయారై అలా చేస్తుందని 1983లో జపాన్‌లో కనుక్కున్నారు. బూజు పోవాలని మైలతుత్తం ఎక్కువ కలిపినా కందనకాయ అలాగే దెబ్బతింటుంది. రోగానికి చేసిన వైద్యమే రోగంగా మారడం కోళ్ల ఫారంలో అరుదేమీ కాదు.

వైద్యం మాట వచ్చింది కాబట్టి మన భీమవరం ప్రస్తావన తప్పదు. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలుగు చూసింది. ఆయన 1948లో కన్నుమూశారు. ఆ తర్వాత అదే సంస్థలోని స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ కోడిపిల్లలకు విటమిన్ బి12 అందించాలని ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని దాణాలో కలిపారు. విటమిన్ లెక్కకు మించి పిల్లలు పెరిగాయి. ఆ అదనపు పెరుగుదల పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్ చలవ. 1950ల నుంచి చాలా దేశాల్లో దాణాలో చిటికెడు యాంటీబయాటిక్ కలపడం రివాజైంది. పేగు జబ్బులు కొంత తగ్గాయి, నిజమే. క్లాస్ట్రీడియంను ఆ చిటికెడే అణిచి ఉంచింది. 1986లో స్వీడన్, 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ పెరుగుదల కోసం వాడటాన్ని ఆపేశాక నెక్రోటిక్ ఎంటరైటిస్ చాలాచోట్ల మళ్లీ తల ఎత్తింది. అంటే ఇన్నాళ్లూ మనం పేగును బాగుచేయలేదు, సమస్యను చాప కింద తోసేశాం. మన దేశంలో 2019 జులైలో కేంద్రం కోలిస్టిన్‌ను కోళ్లతో సహా ఆహారానికి పెంచే జంతువులకు వాడకుండా నిషేధించింది. ఆసుపత్రుల్లో మనుషుల కోసం మిగిలిన ఆఖరి మందుల్లో అదొకటి. ఆ నిర్ణయం ఆలస్యంగా వచ్చిందే తప్ప తొందరపాటు కాదు.

పిల్లను కోసి పేగు చూడటానికి కత్తి పట్టే ముందు ఒక హెచ్చరిక. ఒక్క రాత్రిలో వందల కోళ్లు పడిపోతే కోసి చూడొద్దు, తరలించొద్దు, వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఉన్నట్టు భోపాల్ ల్యాబ్‌లో తేలిన సంగతి మరవలేం. అది కాకుండా రోజూ కొద్దికొద్దిగా తగ్గుతున్న మందలో అయితే, నిన్న చచ్చి ఉబ్బిన పిల్ల పనికిరాదు. పేగు అన్నింటికంటే ముందు కుళ్లుతుంది, కుళ్లు రంగులన్నీ రోగంలాగే కనిపిస్తాయి. షెడ్డులో మూల కూర్చుని, రెక్కలు వేలాడేసి, మెడ ముడుచుకున్న పిల్లలు కావాలి. పేగును మొదటి నుంచి చివరిదాకా కత్తిరించి తెరవాలి. ముందు బయటి నుంచి చూడాలి, తర్వాత లోపల. గుడ్డిపేగుల్లో గట్టిపడిన ముద్ద కనిపిస్తే తొందరపడొద్దు, కాక్సీలోనూ ఉంటుంది, సాల్మొనెల్లాలోనూ ఉంటుంది. గుండె మీదా, ఊపిరితిత్తుల మీదా తెల్లటి బుడిపెలు ఉంటే అనుమానం సాల్మొనెల్లా మీదికి మళ్లుతుంది. తోక దగ్గర ఉండే బర్సా గ్రంథి ఉబ్బి ఉంటే గంబోరో.

ఈసారి మీ షెడ్డులో పిల్లలు డల్‌గా కనిపిస్తే, ప్యాకెట్ చింపి నీళ్లలో కలపకముందే నమూనా తీయండి. మందు పడ్డాక ల్యాబ్ కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు. అప్పుడే చనిపోయిన రెండు పిల్లలను ఐస్ పెట్టెలో, జబ్బుతో ఉన్న మూడింటిని గాలాడే అట్టపెట్టెలో, పావు కిలో దాణాను విడిగా కట్టి దగ్గరలోని వెటర్నరీ ల్యాబ్‌కు ఆ పూటే చేర్చండి. వెంట ఒక కాగితం పెట్టండి. అందులో పిల్లల వయసు రోజుల్లో, రోజువారీ చావులు, వేసిన టీకాలు, దాణా బస్తా మార్చిన తేదీ, ఇప్పటికే ఏదైనా మందు ఇచ్చి ఉంటే దాని పేరు రాయండి. ఆ ఆఖరిది దాచకండి.